పడిన చోట మనిషి ఎందుకున్నాడు?

(బెంగళూరు జిగణి ప్రాంతంలో పనిచేసే తెలుగు కార్మికుల కుటుంబాల కోసం ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా పిల్లల్ని తీసుకొని ముందుకు రండి. ఈ మాటలు మీకు కూడా కావాలి. మగవాళ్లకంటే మీకే ఎక్కువ కావాలి. ఎందుకో డబ్బు సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఎవరెవరు ఏ ఊరినుంచి వచ్చారో ఇందాక అడిగాను. తాడిపత్రి, మడకశిర, హిందూపురం, ఆదోని, పాలమూరు, చీమకుర్తి. చీమకుర్తి అన్న ఒకాయన "మా ఊరి రాయి మాకంటే ముందే జిగణికొచ్చింది సార్" అన్నాడు. నిజమే. చీమకుర్తిలో తీసిన గెలాక్సీ గ్రానైటు దిమ్మ ఇక్కడికొస్తుంది. ఇక్కడ కోస్తారు, పాలిష్ పడతారు, మళ్లీ లారీ ఎక్కిస్తారు. ఎక్కిన ప్రతి చోటా, దిగిన ప్రతి చోటా మన మనిషి దాని పక్కన నిలబడి ఉంటాడు.

ఈ రోజు నేను మిషన్ల గురించి మాట్లాడను. బ్లేడులో చెయ్యి పడటం, కరెంటు షాకు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ రావడం, అన్నీ పెద్ద విషయాలే. ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం కావాలి. ఈ రోజు ఒక్క సంగతే. చేత్తో ఎత్తే సరుకు, దించే సరుకు, జరిపే సరుకు మనిషి మీద పడటం. రాతి పలక కావచ్చు, ఉల్లిగడ్డ బస్తా కావచ్చు, గాజు షీటు కావచ్చు, ఇటుక కావచ్చు.

యార్డులో ఏదైనా జరిగిన రోజు మొదట వినిపించే మాట ఏమిటి? చెప్పండి. అదే, "తప్పెవరిది?" ఓనరు ఏమంటాడు? వాడే సరిగ్గా పట్టుకోలేదంటాడు. మేస్త్రీ ఏమంటాడు? క్రేన్ వాడు తొందరపడ్డాడంటాడు. క్రేన్ ఆపరేటరేమో నాకు చెయ్యి ఊపారు, నేను ఎత్తానంటాడు. ముగ్గురూ కలిసి చివరికి కాగితం మీద రాసేది ఒకటే: కార్మికుడి అజాగ్రత్త. ఆ కాగితాలు నేను చాలా చదివాను. మూడు లైన్లుంటాయి. రెండో లైన్లో మనిషి పోతాడు, మూడో లైన్లో అతనిదే తప్పంటారు. ఆ మూడో లైను వల్ల తర్వాతి ప్రమాదం ఒక్కటి కూడా ఆగలేదు.

అందుకే నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. రాయి పడింది, సరే. బరువున్నది ఎప్పుడో ఒకసారి పడుతుంది. బెల్టు తెగుతుంది, చెక్క జారుతుంది, లారీ ఒరుగుతుంది. పడిన చోట మనిషి ఎందుకున్నాడు? ఈ ప్రశ్న అడగండి. ఆ చోట అతన్ని ఎవరు నిలబెట్టారు? అక్కడ నిలబడకుండా ఆ పని అయ్యే దారి ఉందా, లేదా? ఈ ప్రశ్నకి జవాబు వెతికితే తర్వాతి లారీ వచ్చేలోపు మార్చుకోవాల్సినవి రెండో మూడో కళ్లముందు కనబడతాయి. తప్పెవరిదని అడిగితే కనబడవు.

ఒక లెక్క వేద్దాం. పిల్లలూ, మీరు కూడా వేయండి. గ్రానైటు ఘనపు మీటరుకి సుమారు 2,700 కిలోలు. 20 ఎంఎం పలకైతే చదరపు మీటరుకి 54 కిలోలు. మనం లెక్కపెట్టేది అడుగుల్లో కాబట్టి అడుగుల్లోనే గుర్తుపెట్టుకోండి, చదరపు అడుగుకి 5 కిలోలు. పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు పలక ఎన్ని అడుగులు? 60. ఎన్ని కిలోలు? 300. ఒక్క పలకే 300 కిలోలు. స్టాండుకి ఒక పక్క పది పలకలుంటే 3 టన్నులు. మీరు రోజూ దాని పక్కన నిలబడి టీ తాగుతుంటారు.

ఆ 300 కిలోల పలకని నిలువుగా నిలబెట్టినప్పుడు ఒక్క మనిషి వేలితో నెట్టినా కదులుతుంది. అవునా కాదా? అందుకే తేలిగ్గా ఉందనిపిస్తుంది. బరువంతా కింది అంచు మీద ఉంటుంది, మన చేతికి తెలియదు. అది కొంచెం మన వైపు వాలిందనుకోండి. పది డిగ్రీలు వాలితే, పై అంచు దగ్గర అడ్డంగా నెట్టి ఆపడానికి 26 కిలోల బలం చాలు. ఒక మనిషి ఆపగలడు. ఇరవై డిగ్రీలకి 55 కిలోలు. ముప్పై డిగ్రీలకి 87 కిలోలు. నలభై ఐదు డిగ్రీలకి 150 కిలోలు. ఇది పై అంచు దగ్గర పట్టుకుంటే లెక్క. ఛాతీ దగ్గర పట్టుకుంటే ఇంకా ఎక్కువ కావాలి. పైగా ఇది కదలకుండా ఉన్న పలక లెక్క. వేగంగా వచ్చే పలకని ఆపాలంటే ఈ లెక్కలేవీ సరిపోవు.

ఎంతసేపట్లో పడుతుంది? ఆరడుగుల పలక అయిదు డిగ్రీల వాలు నుంచి నేలమీదికి రావడానికి సెకనున్నర కూడా పట్టదు. అందులో మొదటి సగం నెమ్మదిగా వాలుతుంది. చాలామంది ప్రాణం తీసేది ఆ నెమ్మదే. చూసినవాడికి టైం ఉందనిపిస్తుంది, ఆపేద్దామనిపిస్తుంది, ఒక అడుగు ముందుకేసి రెండు చేతులూ అడ్డం పెడతాడు. ఆ అడుగు వేసే లోపల పలక ముప్పై డిగ్రీలు దాటేసి ఉంటుంది. ఇంక వెనక్కి వెళ్లే టైం లేదు. వెనక గోడో, లారీ డోరో, ఇంకో స్టాండో ఉంటే వెళ్లే చోటు కూడా లేదు.

ఇప్పుడు లారీ దగ్గరికి వద్దాం. మీలో సగం మంది రేపు పొద్దున చేసే పని అదే. లారీ మీద ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో ఉండే ఫ్రేమ్ స్టాండు ఉంటుంది. రెండు పక్కలా పలకలు ఆనించి ఉంటాయి. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది, పలకలు కొన్న పార్టీ ఇల్లు కుడిపక్క ఉంటుంది, కాబట్టి లారీని కుడిపక్కకి ఆనించి ఆపుతారు. దించేవాళ్లు మొదట తాళ్లన్నీ ఒకేసారి విప్పేస్తారు. మళ్లీ మళ్లీ విప్పాలంటే విసుగు. తర్వాత ఇంటివైపు పలకలు వరసగా దించుతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదు దించేసరికి ఏమైంది? స్టాండుకి ఒక పక్క ఒకటిన్నర టన్ను తగ్గింది, రెండో పక్క అలాగే ఉంది. లారీ కింద మట్టి మెత్తగా ఉంటే, ఒక టైర్లో గాలి తక్కువుంటే, స్టాండుని లారీ బెడ్డుకి గట్టిగా బిగించకపోతే, మొత్తం స్టాండే బరువున్న పక్కకి ఒరిగిపోతుంది. ఆ పక్కన ఎవరుంటారు? తాళ్లు చుట్టే కుర్రాడుంటాడు. అందరి కళ్లూ ఇంటివైపున ఉంటాయి, అతను మాత్రం అటువైపుంటాడు.

నేను చూసిన ఒక యార్డులో జరిగింది అచ్చం ఇదే. కుర్రాడికి పాతికేళ్లు కూడా లేవు. పనిలో చేరి కొన్ని వారాలే అయింది. లారీ డోరుకీ స్టాండుకీ మధ్య రెండడుగుల సందులో నిలబడి నైలాన్ తాడు చుడుతున్నాడు. ఎవరో "ఒరేయ్" అని అరిచారు. అరుపు విని ఏం చేశాడు? పైకి చూశాడు, చేతులెత్తాడు. పారిపోయే చోటు లేదు. మూడు పలకలు పడ్డాయి. తర్వాత వచ్చిన కాగితంలో ఏం రాశారో నేను చెప్పక్కర్లేదు, మూడో లైను మీకు తెలుసు. ఆ రెండడుగుల సందులో అతను ఎందుకున్నాడని ఎవరూ రాయలేదు. తాళ్లన్నీ ఒకేసారి విప్పమన్నదెవరని రాయలేదు. కొత్త మనిషికి ఆ పని ఎవరు ఒప్పజెప్పారని రాయలేదు.

కాబట్టి మేస్త్రీలకి చెప్తున్నాను, వినండి. పెద్ద ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుంటాడు. పాత ఫ్యాక్టరీల చట్టంలో వెయ్యి మంది ఉంటే ఉండాలని ఉండేది, కొత్త లేబర్ కోడ్‌లో దాన్ని 500కి దించారు. మీ యూనిట్లో ఎంతమంది? ఇరవై, ముప్పై. మీకు ఏ ఆఫీసరూ రాడు. లారీ దగ్గర సేఫ్టీ ఆఫీసరు మీరే. లారీ సమంగా నిలబడిందో లేదో చూసి, టైర్ల కింద చెక్కలు పెట్టాకే పని మొదలుపెట్టండి. స్టాండుని బెడ్డుకి బిగించారా చూడండి. దించేటప్పుడు అటొకటి, ఇటొకటి దించండి. ఒకే పక్క వరసగా దించొద్దు. క్రేన్ బెల్టు పలక బరువు తీసుకొన్నాకే ఆ పలక తాడు విప్పండి. మిగతా పలకల తాళ్లు అలాగే ఉండాలి. విసుగైనా సరే, ఒక్కో పలకకి ఒక్కోసారి విప్పండి.

మనుషులు ఎక్కడ నిలబడాలి? పలకకి ఎదురుగా ఎవరూ ఉండకూడదు. ఎదురుగా అంటే పడితే ఎక్కడిదాకా వస్తుందో అక్కడిదాకా. ఆరడుగుల పలకైతే కనీసం ఏడెనిమిది అడుగులు. నిలబడితే పలక రెండు కొనల వైపున నిలబడండి. పట్టుకొని తిప్పాల్సి వస్తే కొనకి తాడు కట్టి దూరం నుంచి తిప్పండి. రెండు స్టాండ్ల మధ్య, పలకకీ గోడకీ మధ్య, లారీకీ గేటుకీ మధ్య మనిషి ఉన్నాడంటే పని ఆపెయ్యాలి. అతను బయటికొచ్చాకే మళ్లీ మొదలు. గడారి పెట్టి పలకని ఎడం చేసి బెల్టు దూర్చేటప్పుడు కూడా అంతే. ఆ క్షణంలో పలక దేనికీ ఆనుకొని లేదు. మీరు దూర్చే ఆ రెండంగుళాల సందే దాన్ని నిలువు దాటిస్తుంది. చెయ్యి పెట్టి దూర్చొద్దు, కొక్కెం ఉన్న కర్రతో లాగండి.

పలక పడుతుంటే? పడనివ్వండి. మళ్లీ చెప్తున్నా, పడనివ్వండి. పట్టుకోవద్దు. అరిచి పక్కకి దూకండి.

ఇక్కడ ఓనర్లు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చారు, వచ్చినందుకు సంతోషం. అయ్యా, మీకో మాట. మీ యార్డుల్లో ఒక పద్ధతుంది. పలక విరిగితే దాని ఖరీదు జట్టు కూలీలో కోస్తారు. గెలాక్సీ పలక విరిగితే వాళ్లకి వారం కూలీ పోతుంది. ఇంక పలక వాలినప్పుడు ఆ మనిషి దూకుతాడా, పట్టుకుంటాడా? పట్టుకుంటాడు. తన వారం కూలీని పట్టుకుంటున్నాననుకుంటాడు. ఆ కోత ఉన్నంతకాలం నేను వందసార్లు దూకమని చెప్పినా ఉపయోగం లేదు. చట్టం కూడా అలా ఊరికే కోయనివ్వదు. మనిషి నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం జరిగిందని తేలాలి, కోసేముందు అతని మాట వినాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉన్నదే ఇది, కొత్త వేతనాల కోడ్‌లోనూ ఉంది. రేపే మీ మనుషుల్ని పిలిచి చెప్పండి, దించేటప్పుడు విరిగిన పలకకి కోత లేదని. నేను చెప్పే అన్ని జాగ్రత్తల్లోనూ ఖర్చు తక్కువైనది, ఎక్కువమందిని కాపాడేది ఇదే.

బస్తాల దగ్గర

యశవంతపుర మార్కెట్ యార్డు నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఆహా, బాగానే ఉన్నారు. కర్నూలు ఉల్లి లారీలు మీ దగ్గరికే కదా వచ్చేది. బస్తా ఒక్కటి 50 కిలోలు. రాయితో పోలిస్తే తక్కువే. కానీ నెట్టు కట్టాక అది ఒక బస్తా కాదు. పన్నెండు వరసల నెట్టు మనిషికి రెండింతల ఎత్తు. కింద మూడు నాలుగు బస్తాలు తడిసి మెత్తబడితే పైదంతా వాలుతుంది. గోనెసంచి గరుకు, ఒకదాన్నొకటి పట్టుకొనుంటుంది. ప్లాస్టిక్ సంచి నున్నగా ఉంటుంది, జారుతుంది. గోనెసంచులకి కట్టిన ఎత్తే ప్లాస్టిక్ సంచులకీ కడతామంటే కుదరదు. వరసకి వరస అడ్డంగా మార్చి పేర్చాలి. మూలలు లోపలికి రావాలి. పైకి పోయేకొద్దీ ఒక్కో బస్తా వెనక్కి జరగాలి. మీ నాన్నలకి తెలిసిన పనితనమే ఇది. తొందరలో పోతోంది.

తీసేటప్పుడు ఎలా తీస్తున్నారు? పైకెక్కడం ఎందుకని మధ్యలోంచి లాగుతారు. లేదా ఒకే పక్క కిందిదాకా తీసేసి గోడలా నిలబెడతారు. మెట్లు మెట్లుగా పైనుంచి తీయండి. దీంట్లో కొత్తేమీ లేదు, అందరికీ తెలుసు. తెలిసినా చేయకపోవడానికి కారణం లారీకింత అని కూలీ ఇవ్వడం. గంట ఆలస్యమైతే ఇంకో లారీ పోతుంది. దీనిమీద జట్టు మేస్త్రీలు, కమీషన్ ఏజెంట్లు కూర్చొని మాట్లాడుకోవాలి. ఒక్క హమాలీ తనంతట తాను మార్చుకోగలిగింది కాదు.

ఇంకో సంగతి, దీన్ని ఎక్కడా రాయరు. నెట్టు కింద గింజలు, ఉల్లిపాయలు ఊడ్చేది ఎవరు? ఆడవాళ్లు. చీపురు, చేట పట్టుకొని నెట్టు మొదట్లో గొంతుక్కూర్చొని ఊడుస్తారు. పైన మగవాళ్లు బస్తాలు తీస్తూనే ఉంటారు. కింద కూర్చున్న మనిషికి పైన ఏమవుతుందో కనబడదు. లేచి పరిగెత్తడానికి రెండు సెకన్లు కావాలి, అంత టైం ఉండదు. ఆమె పేరు హాజరుపట్టీలో కూడా ఉండదు. ఊడ్చినవి పట్టుకుపోవడానికి వచ్చిన మనిషంటారు. అమ్మా, పైన పని జరుగుతుంటే కింద కూర్చోవద్దు. మేస్త్రీలూ, పైన పని ఆపి, పది నిమిషాలు ఊడ్చుకోనివ్వండి. పది నిమిషాలే.

బరువు సంగతి కూడా చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవాళ్లు చేత్తో మోసే బరువుకి 55 కిలోలు హద్దుగా సూచించింది. మన దగ్గర కొన్ని రాష్ట్రాల ఫ్యాక్టరీ రూల్స్‌లోనూ మగవాళ్లకి 55, ఆడవాళ్లకి 30 కిలోలని ఉంది. ఇది నడుం నొప్పి గురించే పెట్టిందనుకుంటారు. నడుం గురించే, కానీ బస్తా పడటం గురించి కూడా. పొద్దున మొదటి బస్తా ఎవరి చేతిలోనుంచీ జారదు. సాయంత్రం, లోడు ఆఖర్న, చేతులు పట్టు తప్పినప్పుడు జారుతుంది. వెనక వచ్చేవాడి కాలి మీద పడుతుంది.

బిల్డింగు పని గురించి రెండు మాటలే చెప్తాను, దానికి వేరే రోజు పెట్టుకుందాం. అయిదు మీటర్ల ఎత్తు నుంచి పడ్డ ఇటుక ఒక్క సెకనులో నేలకి వస్తుంది. వచ్చేసరికి గంటకి 36 కిలోమీటర్ల వేగం ఉంటుంది. కింద బాండ్లి మోసే అమ్మాయి తల మీద ఏముంది? చుట్టకుదురు. అక్కడ హెల్మెట్ ఉండాల్సిందే, గడ్డం కింద పట్టీ కూడా బిగించాల్సిందే. పట్టీ లేని హెల్మెట్ వంగినప్పుడే కిందపడుతుంది. సారవ అంచుకి అడ్డంగా అరడుగు పలక కొడితే ఇటుక అసలు కిందికే రాదు. సారవ కింద దారి మూసేస్తే వచ్చినా ఎవరికీ తగలదు. హెల్మెట్ కంటే ముందు ఈ రెండూ చేయండి. పలకల యార్డులో మాత్రం హెల్మెట్ ఉంది కదా అని ధైర్యం పడొద్దు. 300 కిలోల పలకకి హెల్మెట్ అడ్డం కాదు.

బూట్లు వేసుకోండి. ఈ హాల్లో గుమ్మం దగ్గర చూశాను, అన్నీ హవాయి చెప్పులే. ఐఎస్ఐ మార్కు సేఫ్టీ షూకి వేళ్ల మీదుండే గట్టి టోపీని 200 జౌళ్ల దెబ్బకి పరీక్షిస్తారు. అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తునుంచి వేలి మీద పడితే వేళ్లు నిలవాలి. పలక ముక్కలు, గడారి, చెక్కదిమ్మె, వీటికి సరిపోతుంది. అంతకంటే పెద్దదానికి సరిపోదు. అయినా రోజూ జరిగేవి ఆ చిన్నవే, వేళ్లు పోయేది వాటివల్లే.

జరిగితే ఏం చేయాలి? 108కి ఫోను చేయండి. ముందు రెండో పలక పడకుండా కట్టండి. లేకపోతే కాపాడటానికి వెళ్లినవాడు కూడా పోతాడు. మెడ, వెన్ను దెబ్బ అనుమానముంటే ఆటోలో మడిచి కూర్చోబెట్టొద్దు. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టండి. కాలో తొడో రాయి కింద చాలాసేపు ఇరుక్కుంటే ఎంతసేపు ఇరుక్కుందో డాక్టరుకి చెప్పండి, ఇది మరవొద్దు. నలిగిన కండలోంచి విషాలు రక్తంలో కలిసి కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె కూడా ఆగొచ్చు. 1941లో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద ఇరుక్కొని బయటపడినవాళ్లు రోజుల తర్వాత ఎందుకు చనిపోతున్నారో చూసి డాక్టర్లు దీన్ని రాశారు. బయటికి తీసినప్పుడు మాట్లాడుతున్నాడు, నీళ్లడిగాడు, ఏం కాలేదులే అని ఇంటికి తీసుకుపోవద్దు.

డబ్బు, కాగితాలు

అమ్మా, ఇది మీకోసం. మీ ఆయన పనిచేసే యూనిట్లో పదిమంది గాని అంతకంటే ఎక్కువ గాని ఉండి, ఆయన జీతం నెలకు 21,000 లోపుంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉండాలి. ఇన్సూరెన్సు నంబరు ఉంటుంది. ఇవాళ ఇంటికెళ్లి అడగండి, "నీ ఈఎస్ఐ నంబరేది?" అని. ఆ కార్డు ఫోటో మీ ఫోన్లో ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే ఎన్నాళ్లు చందా కట్టారని చూడరు, చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పనికి పోలేని రోజులకి జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు. మనిషే పోతే ఆధారపడినవాళ్లకి నెలనెలా పెన్షన్ వస్తుంది. వైద్యం ఉచితం, రాజాజీనగర్‌లో పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది.

ఈఎస్ఐ వర్తించని చోట పరిహారం చట్టం ఉంది. 1923 నుంచీ ఉంది. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి చట్టాల పేర్లు మారాయి, హక్కు ఎక్కడికీ పోలేదు. లెక్క ఎలా? మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఇచ్చిన ఒక అంకెతో గుణిస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. లెక్కకి తీసుకునే జీతం పరిమితి 2020లో 15,000 చేశారు. అందులో సగం 7,500. గుణించండి. సుమారు 15 లక్షల 60 వేలు. ఇప్పుడు చెప్పండి, ఊరికి శవాన్ని పంపించే అంబులెన్సు దగ్గర నిలబెట్టి రెండు లక్షలు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది ఎంత అన్యాయం? ఆ వేలిముద్రకి విలువ లేదు. పరిహారం వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదు. చావు పరిహారం ఓనరు నేరుగా చేతికిస్తే లెక్కలోకి రాదు, లేబర్ శాఖ అధికారి దగ్గర జమ చేయాలి. అంత్యక్రియల ఖర్చుకి ఇచ్చింది తీసుకోండి, సంతకం మాత్రం పెట్టకండి.

ఇందాకటి "తప్పెవరిది" దగ్గరికి మళ్లీ వస్తున్నాను. తాగి ఉన్నాడు, మాట వినలేదు, అందుకని పైసా ఇవ్వమంటారు. చట్టం అలా అనలేదు. మామూలు దెబ్బల విషయంలో ఆ సాకులు చూస్తారేమో గాని, మనిషి చనిపోతే, లేదా శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోతే, తాగి ఉన్నాడన్న సాకు కూడా చెల్లదు. ఇవ్వాల్సిందే. కాంట్రాక్టరు మనిషి, మాకు సంబంధం లేదన్నా కుదరదు. పని ఎవరిదో ఆ అసలు యజమాని దగ్గర అడగొచ్చు. ఆలస్యం చేయకండి. దానికి గడువుంది. ఊరికెళ్లి కర్మలు అయ్యాక దరఖాస్తు పెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మ అడుగుతోంది, బూట్లు కొనమంటే ఓనరు కొనడంటున్నాడని. అమ్మా, అవి ఓనరే ఇవ్వాలి, కూలీలో కోయకుండా ఇవ్వాలి. ఒక్కరు అడిగితే కోప్పడతారు, జట్టంతా కలిసి అడగండి.

అక్కడ తమ్ముడు అడుగుతున్నాడు, ప్రమాదం కనబడుతుంటే పని ఆపొచ్చా అని. ఆపొచ్చని నేరుగా లేదు గాని, కొత్త కోడ్‌లో ఒక దారి ఉంది తమ్ముడూ. ప్రాణానికి ముప్పుందని నీకు అనిపిస్తే యజమానికి చెప్పొచ్చు, అప్పుడే ఇన్‌స్పెక్టరుకీ తెలియజేయొచ్చు. యజమాని వెంటనే చూడాలి. చెప్పేటప్పుడు వాట్సాప్‌లో చెప్పు, ఫోటో పెట్టు. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

చివరి ప్రశ్న మన మేస్త్రీగారిది, మంచి ప్రశ్న. "సార్, సందులోకి హైడ్రా క్రేన్ రాదు, పార్టీ తొందరపెడతాడు, పలక చేత్తో దించక తప్పదు, ఏం చేయమంటారు?" అని. అన్నా, ఆ పలక ఆ సందులోకి నిండు పలకగా ఎందుకు పోవాలి? అది వంటగది ప్లాట్‌ఫారమే కదా? పార్టీ దగ్గర కొలతలు ముందే తీసుకో. యార్డులో క్రేన్ ఉంది, మిషన్ ఉంది, అక్కడే కోయించు. ఎనిమిదడుగులు, రెండడుగుల ముక్క 16 అడుగులు, 80 కిలోలు. నలుగురు మోస్తే మనిషికి 20. సింకు కన్నం కూడా యార్డులోనే కొట్టించు, కాని కన్నం దగ్గర రాయి పలచన, మోసేటప్పుడు అక్కడే విరుగుతుంది, వెనక చెక్క కట్టి పంపు. రేపటి లోడు ఎక్కడికి అన్నావు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌కా? ఇంకా ఎనిమిది కాలేదు. పార్టీకి ఇప్పుడే ఫోను చేసి కొలతలు అడుగు.